వదిలినా ఆగని బండి

మొదటిసారి అది జరిగినప్పుడు సలోమి చెయ్యి నాబ్ మీద లేదు. ఆ సంగతి ఆమెకి బాగా గుర్తు. రత్నకుమారి ఇంటి ముందు బండి ఆపడానికి నాబ్‌ని సున్నా దాకా తిప్పేసి, అదే చేత్తో నుదుటి చెమట తుడుచుకుంటోంది. బండి ఆగలేదు. వెనకనుంచి ఎవరో తోసినట్టు ఒక్క కుదుపుతో ముందుకి దూకింది. నాలుగైదు బారలు పోయి, దానంతటదే ఆగింది. వెనకున్న నీళ్ళ టిన్నులు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

"ఏంటి సలోమక్కా, మా ఇల్లు దాటిపోతున్నావ్?" అని గుమ్మంలోంచి రత్నకుమారి నవ్వింది.

సలోమికి నవ్వు రాలేదు. నాబ్ వంక చూసింది. నాబ్ మీది గీత, సున్నా దగ్గర నెయిల్ పాలిష్‌తో పెట్టిన ఎర్ర చుక్క మీదే ఉంది.

అది 2007 మార్చి నెలాఖరు. మిట్టమధ్యాహ్నం.

గుండుగొలను దాటి కొల్లేరు వైపు పోతే చెరువు గట్టు పక్కన వాళ్ళ పేట. ఎటు చూసినా నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క పనికిరాదు. తాగే నీళ్ళకి గట్టు ఆ చివరున్న ఫిల్టరు ప్లాంటు దాకా పోవాలి. కిలోమీటరు పైనే. సలోమికి చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు సన్నబడిపోయింది. చెరువుల దగ్గర వలలు బాగుచేసే పని చేసేది, కూర్చుని చేసే పని కాబట్టి. కిందటేడు సర్కారువాళ్ళు కొల్లేట్లో చేపల చెరువులు కొట్టేశాక ఆ పని పోయింది. భర్త ఎలీయాజరు ఏలూరులో మోటార్లకి వైండింగ్ చేసే షాపులో మెకానిక్కు. పొద్దున్న ఎనిమిదింటి బస్సుకి పోతే మళ్ళీ దీపాలవేళకే రావడం.

"పేటకి నీళ్ళు నువ్వే వెయ్యి సలోమీ. నువ్వు నడవక్కర్లేదు, నీకు బండి చేసిస్తాను" అన్నాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ముందు సైకిలు చక్రం, వెనక పాత మోపెడ్ చక్రాలు రెండు, మధ్యలో ఇనప చట్రం మీద చెక్క. పాతసామాన్ల కొట్లో దొరికిన మోటారు ఒకటి, దానికి గొలుసు. సీటు కింద వెనకవైపు రెండు కారు బ్యాటరీలు. బండి కదలడం పెద్ద పని కాలేదు. చెప్పిన జోరులో కదలడమే కష్టమైంది. రెండు బ్యాటరీలూ ఒక్కసారి తగిలిస్తే బండి రాయి విసిరినట్టు పోయేది. మధ్యలో హీటరు చుట్ట పెట్టి చూశాడు. నెమ్మదించింది గాని చుట్ట ఎర్రగా కాలి చెక్క మాడింది. ఆఖరికి గూడెం టౌన్లో టీవీలు బాగుచేసే స్నేహితుడి దగ్గర నేర్చుకుని ఒక సర్క్యూటు కట్టాడు. అది కరెంటుని సెకనుకి కొన్నివందలసార్లు ఇస్తూ, ఆపుతూ ఉంటుంది. ఎక్కువసేపు ఇచ్చి తక్కువసేపు ఆపితే జోరు. తక్కువసేపు ఇచ్చి ఎక్కువసేపు ఆపితే నెమ్మది. అదంతా ఒక రేకు డబ్బాలో పెట్టి, సలోమి మోకాళ్ళ ముందు బిగించి, పైన రేడియో నాబ్ ఒకటి పెట్టాడు. వేళ్ళతో కొంచెం తిప్పితే మనిషి నడకంత, ఇంకొంచెం తిప్పితే సైకిలంత. బండి మొదటిసారి పేటలోకి వచ్చినరోజు పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. ఎలీయాజరు ఆ వారమంతా ఎవరు కనిపించినా ఆ డబ్బా గురించే చెప్పాడు.

ఆ సాయంత్రం ఎలీయాజరు కాళ్ళు కడుక్కుని కూర్చోగానే సలోమి చెప్పింది.

"ఏవండీ, ఇవాళ బండి నేను వదిలేసినా ఆగలేదండీ."

"నాబ్ పూర్తిగా తిప్పి ఉండవు."

"తిప్పానండీ. చుక్క మీదే ఉంది."

ఎలీయాజరు లేచాడు. వెనక చక్రాల కింద ఇటుకలు పెట్టి బండి లేపాడు. కరెంటు కొలిచే మీటరు తెచ్చి తీగలు ఆనించాడు. నాబ్ పెంచాడు, తగ్గించాడు, సున్నాకి తెచ్చాడు. చక్రం బుద్ధిగా ఆగింది. పదిసార్లు చేశాడు. పదిసార్లూ ఆగింది.

"చూడు. సున్నా అంటే సున్నా. మీటరు అబద్ధం ఆడదుగా."

సలోమి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా మళ్ళీ జరిగింది, ఈసారి గట్టు మీద. ఆ తరవాత రేషన్ షాపు మలుపులో. ప్రతిసారీ కొంచెం ఎక్కువ దూరం లాక్కుపోయేది. ప్రతిసారీ తనంతట తానే ఆగేది. సలోమి గమనించడం మొదలుపెట్టింది. పొద్దుటి ట్రిప్పులో ఎప్పుడూ జరగలేదు. సాయంత్రం జరగలేదు. మధ్యాహ్నం టిన్నులన్నీ నిండుగా ఉండి, ఎండలో వచ్చేటప్పుడే. అప్పుడు ఆ రేకు డబ్బా మీద చెయ్యి వేస్తే చురుక్కుమనేది.

"ఎండలోనే చేస్తోందండీ" అని మూడోసారి చెప్పింది. "ఒక్కరోజు షాపు మానేసి మధ్యాహ్నం పూట చూడండి."

"ఎండకి నీకే కళ్ళు తిరిగి ఉంటాయి. తలకి గుడ్డ కట్టుకో."

కోపంతో కాదు, ప్రేమతోనే ఆమె చెయ్యి మీద చెయ్యి వేసి ఆ మాట అన్నాడు. అదే ఆమెకి ఎక్కువ కష్టమనిపించింది.

ఈస్టరు ఆదివారం ఆరాధన అయ్యాక చుట్టాలందరి ముందూ ఎలీయాజరు బండెక్కాడు. టిన్నులు లేవు. పైన మబ్బు పట్టి ఉంది. పేట చుట్టూ రెండు చుట్లు తిరిగి, సలోమి ముందుకి వచ్చి నాబ్ వదిలి రెండు చేతులూ పైకెత్తాడు. బండి అక్కడికక్కడే ఆగింది. అందరూ నవ్వారు. సలోమి కూడా నవ్వాల్సి వచ్చింది. బండి తన దగ్గర ఒకలా, ఆయన దగ్గర ఒకలా ఉంటోందని అనిపించి, ఆ ఆలోచనకి ఆమెకే భయమేసింది.

ఆ రోజుల్లోనే పెంటపాడు నుంచి బుల్లిరాజుగారు కబురు పంపారు. ఆయనకి మాగాణి ఉంది. షుగరు ముదిరి ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. ఎవరో పెళ్ళికి వచ్చినవాళ్ళు గుండుగొలనులో సలోమి బండి చూసి ఆయనకి చెప్పారు. "నా చేను గట్టు నేను చూసి ఏడాదిన్నర అయిందయ్యా. దాళ్వా పంట కోతల లోపు నాకూ ఒకటి చేసిపెట్టు" అని అడిగారు. ఎలీయాజరు రాత్రీ పగలూ కూర్చుని చేశాడు. అదే మోటారు, అదే డబ్బా, అదే సర్క్యూటు. ఒక్కటే తేడా. బ్యాటరీ ఆపుచేసే స్విచ్చి చేతికందేలా ముందువైపు ఉండాలని ఆయన అడిగారు. మందపాటి తీగ కొత్తది తెప్పించి ఎలీయాజరు అలాగే పెట్టాడు.

సలోమి బండికి స్విచ్చి సీటు కింద, వెనక బ్యాటరీల పక్కనే ఉంది. కూర్చున్న మనిషికి అందదు.

"ఆ బండి అప్పుడే ఇవ్వకండీ" అంది సలోమి, వ్యానులోకి ఎక్కిస్తుంటే. "ముందు మధ్యాహ్నం పూట ఒకసారి చూడండి. ఇది నాలుగోసారి చెప్పడం."

"ఆయన ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్నారు సలోమీ" అన్నాడు. వ్యాను వెళ్ళిపోయింది.

ఆ తరవాత సలోమి చెప్పడం మానేసింది. ఒకరోజు భర్త బస్సెక్కగానే స్పానరు తీసుకుని బ్యాటరీకి తీగని పట్టి ఉంచే క్లాంపు నట్టు తనే వదులు చేసింది. పాత చీర అంచు పొడుగ్గా చింపి, పేని, ఒక కొస క్లాంపుకి కట్టి రెండో కొస సీటు పక్కకి తెచ్చి పెట్టుకుంది. గట్టిగా లాగితే క్లాంపు ఊడి వస్తుంది. కరెంటు పోతుంది. ఆ ఉపాయం ఆమెకి ఎవరూ చెప్పలేదు. రెండ్రోజులకే అది పనికొచ్చింది. గట్టు మీద బండి లాగినప్పుడు అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. చిటుక్కుమని మెరుపు మెరిసి బండి చచ్చినట్టు ఆగిపోయింది. సలోమి అక్కడే కాసేపు కూర్చుంది. దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. క్లాంపు మళ్ళీ తగిలించుకుని ఇంటికొచ్చింది. భర్తకి చెప్పలేదు.

బుధవారం సాయంత్రం చార్జింగ్ పెట్టబోతూ ఎలీయాజరు ఆ గుడ్డ చూశాడు. క్లాంపు చుట్టూ నల్లగా కాలిన మచ్చలు చూశాడు.

"ఇదెవరు కట్టారు?"

"నేనే."

"నీకు మతిపోయిందా? క్లాంపు వదులుగా ఉంటే నిప్పురవ్వలు వస్తాయి. చార్జింగయిన బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ పడితే పేలిపోద్ది. ఆ యాసిడ్ మొహం మీద పడితే కళ్ళు పోతాయి, తెలుసా?"

ఆ మాట నిజమే. ఆయన గుడ్డ విప్పి పక్కన పడేసి, మచ్చలు గీకి, నట్టు స్పానరుతో ఇక తిరగనంత బిగించాడు.

"ఆదివారం స్విచ్చి ముందుకి మార్చేస్తాను. సరేనా?"

"పెంటపాడు బండికి పెట్టారుగా."

"ఆయన అడిగారు సలోమీ."

"నేనూ అడిగానండీ, మధ్యాహ్నం ఒకసారి చూడమని."

ఎలీయాజరు తలెత్తకుండా చార్జరు తీగలు తగిలిస్తూ ఉండిపోయాడు.

ఆదివారం దాకా మధ్యాహ్నం బండి తియ్యకూడదని సలోమి అనుకుంది. కానీ గురువారం పొద్దున్నే కరెంటు పోయింది. ప్లాంటులో నీళ్ళు లేవు. పదకొండు దాటాక కరెంటు వచ్చింది. టిన్నులు నిండేసరికి పన్నెండున్నర. పేటలో పొద్దుటినుంచి ఎవరింట్లోనూ తాగడానికి నీళ్ళు లేవు. ఆమె బయల్దేరింది.

గట్టు సగం దాటేదాకా మనిషి నడకంత నెమ్మదిగానే వచ్చింది. ఎదురుగాలి కూడా వేడిగా ఉంది. గట్టు చివర రోడ్డు కుడివైపుకి తిరిగి పేటలోకి దిగుతుంది. ఆ మలుపులోనే బస్సు షెల్టరు. షెల్టరు నీడ రోడ్డు మీదకి పడితే, ఆ నీడలో అడ్డంగా ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు. వాళ్ళని చూసి సలోమి ముందుగానే నాబ్ సున్నాకి తిప్పింది.

బండి ఎగిరినట్టు దూకింది.

ఈసారి ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అని ఆమె లెక్కపెట్టుకుంది. ఆగలేదు. ముందు సైకిలు చక్రానికున్న బ్రేకు నొక్కితే రబ్బరు కాలిన వాసన వచ్చింది తప్ప ఫలితం లేదు. వెనకాల పన్నెండు టిన్నుల నీళ్ళ బరువు. నాబ్‌ని అటూ ఇటూ తిప్పింది. ఎటు తిప్పినా ఒకటే జోరు. చెయ్యి అలవాటుగా సీటు పక్కకి పోయింది, అక్కడ ఏమీ లేదు.

"లేవండి! లెండి!" అని అరిచింది. షెల్టరు దగ్గరవాళ్ళు తలలు తిప్పి చూశారు. బండిలో ఉన్నది సలోమి కాబట్టి, చెయ్యి ఊపుతోంది కాబట్టి, పలకరిస్తోందనుకుని ఒకాయన చెయ్యెత్తి ఊపాడు కూడా.

వాళ్ళ మొహాలు తెలిసేంత దగ్గరికి వచ్చాక సలోమి హ్యాండిల్‌ని ఎడమకి కొట్టేసింది. బండి గట్టు దిగి చెరువులో పడింది.

బాలస్వామి అనే అతను అప్పుడు పడవ మీద చేపలకి తవుడు వేస్తున్నాడు. అతను దూకకపోతే ఆమె దక్కేది కాదు. హ్యాండిల్ ఆమె రొమ్ము మీద అడ్డంగా పడి బురదలోకి అదిమేసింది. నీళ్ళలో పడ్డాక కూడా కాసేపు చక్రం తిరుగుతూనే ఉందని, బురద చిమ్ముతూ తిరిగిందని, దగ్గరికి పోవడానికి భయమేసిందని బాలస్వామి తరవాత చెప్పాడు.

ఏలూరు పెద్దాసుపత్రికి ఎలీయాజరు షాపునుంచి పరిగెత్తుకుని వచ్చాడు. భుజం ఎముక విరిగింది, పక్కటెముకలు రెండు. ఊపిరి తీసుకుంటుంటే ఈల వేసినట్టు చప్పుడు. అతన్ని చూసి ఆమె ఏడవలేదు.

"పెంటపాడు" అంది.

"ఏంటి సలోమీ?"

"ఆ బండి... ఆపించండి."

రాత్రంతా ఎలీయాజరు వరండాలో కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే, అప్పటికీ అతనికి పూర్తిగా నమ్మకం లేదు. భయంలో నాబ్ రెండోవైపు తిప్పేసిందేమోనని మనసులో ఒక మూల అనుకుంటూనే ఉన్నాడు. అయినా తెల్లారాక సలోమి చెల్లెల్ని ఆమె దగ్గర కూర్చోబెట్టి, గూడెం బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో పెంటపాడు వెళ్ళాడు.

బుల్లిరాజుగారు అప్పుడే పొలంనుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. బండి వాకిట్లో ఎండలో ఉంది. ఆయన మొహం నల్లబడి, కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి.

"రావయ్యా ఎలీయాజరూ! నిన్నూ ఇవాళా గట్టు చివరిదాకా వెళ్ళొచ్చాను. కోత మిషను వాడు నన్ను చూసి హడలిపోయాడనుకో."

ఎలీయాజరు నిలబడే జరిగింది చెప్పాడు. చెబుతుంటే పెద్దాయన నవ్వు తగ్గిపోయింది. అంతా చెప్పాక ఆయన భార్య జ్ఞానప్రసూనాంబగారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన అటు తిరిగి, "ఆ అబ్బాయికి కాస్త మజ్జిగ తీసుకురా" అన్నారు. ఆమె లోపలికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించారు.

"మూడుసార్లు."

"ఏంటండీ?"

"నన్నూ మూడుసార్లు లాగింది. నాబ్ ఆపేశాక."

ఎలీయాజరు బండి వంక చూశాడు. "మరి కబురు చెయ్యలేదేంటండీ?"

"చెబితే మావాళ్ళు బండి తీసి అటక మీద పెడతారు. నేను మళ్ళీ ఈ అరుగు మీద వచ్చేపోయే ఆటోలు లెక్కపెట్టుకోవాలి. స్విచ్చి ఉందిగా, ఆపేసేవాణ్ణి." తువ్వాలుతో మొహం తుడుచుకుని అన్నారు. "మీ ఆవిడ ఎలా ఉందయ్యా?"

ఎలీయాజరు తలూపాడు. వెళ్ళి బండి వెనక చక్రాల కింద దుంగ పెట్టి లేపాడు. స్విచ్చి వేసి, నాబ్ సగానికి తిప్పి, మోటారుని కాసేపు తిరగనిచ్చాడు. చక్రానికి చెక్క ముక్క ఒత్తి పట్టి బరువు పడేలా చేశాడు. డబ్బా వేడెక్కింది. అప్పుడు నాబ్ సున్నాకి తెచ్చి, చెయ్యి తీసేసి, పక్కన గొంతుక్కూర్చున్నాడు. చక్రం ఆగి ఉంది. ఎక్కడో దూరాన కోత మిషను చప్పుడు. మజ్జిగ గ్లాసు అరుగు మీద అలాగే ఉంది. పెద్దాయనా అతనూ చక్రం వంకే చూస్తూ ఉన్నారు.

ఎవరూ ముట్టుకోకుండా చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఒక్క ఊపులో చువ్వలు కనపడనంత జోరు అందుకుంది. దుంగ మీద బండి మొత్తం వణికింది.

ఎలీయాజరు డబ్బా మూత తీశాడు. వేడెక్కే రేకుని ఆనుకునే నాబ్ తీగ టంకం పెట్టిన చోటుంది. పుల్లతో ఆ టంకం నొక్కాడు. చక్రం నెమ్మదించి ఆగింది. పుల్ల తీశాడు. చక్రం మళ్ళీ అందుకుంది. వేడికి ఆ టంకం వెంట్రుకవాసి విచ్చుకుంటోంది. చల్లారితే మళ్ళీ అతుక్కుంటోంది. తను సాయంత్రం పూట మీటరు పెట్టినప్పుడల్లా అది అతుక్కునే ఉంది.

టంకం ఊడటం ఎవరికైనా జరుగుతుంది. తీగ ఊడితే బండి ఆగాలి. అతను కట్టినదాంట్లో తీగ ఊడితే బండి పరిగెడుతుంది. ఆ సంగతి కట్టేటప్పుడు ఆలోచించలేదు. నలుగురికీ చూపించుకునేటప్పుడూ ఆలోచించలేదు.

స్విచ్చి ఆపి, "ఈ డబ్బా నాకిచ్చెయ్యండి. మళ్ళీ చేసి తెస్తాను" అన్నాడు.

"ఎప్పటికి తెస్తావ్?"

"రెండు మూడు రోజులు పడుతుందండీ."

"రెండు మూడు రోజులంటే కోతలైపోతాయి. సోమవారం తరవాత పట్టుకెళ్ళు."

"వద్దండీ. ఇప్పుడే తీసేస్తాను."

"ఎలీయాజరూ." పెద్దాయన గొంతు పెరగలేదు. "నా బండి మీద చెయ్యి వెయ్యకు."

జేబులో కటింగ్ ప్లేయరు ఉంది. తీగ కత్తిరించడం క్షణం పని. అయినా ఎలీయాజరు మూత బిగించి, దుంగ తీసి, దణ్ణం పెట్టి వచ్చేశాడు. పెద్దవాళ్ళ వస్తువు మీద వాళ్ళు వద్దన్నాక చెయ్యి వెయ్యడం అతనికి పుట్టి బుద్ధెరిగాక తెలీదు.

సాయంత్రం ఆసుపత్రిలో సలోమికి అంతా చెప్పాడు. నాబ్ తీగ సంగతి, టంకం సంగతి, ఆయన్ని మూడుసార్లు లాగిన సంగతి. ఆమె కళ్ళు మూసుకుని వింది.

"ఆయన చెప్పాక నమ్మారా?"

ఎలీయాజరు మంచం పట్టీ పట్టుకుని నిలబడ్డాడు.

"నమ్మాను" అన్నాడు.

"బండి ఆపారా మరి?"

"ఒద్దన్నారు. చెప్పాను, వినలేదు."

"ఎన్నిసార్లు చెప్పారు?"

సలోమి కళ్ళు తెరిచింది. మాట్లాడితే నొప్పి, అందుకని ఒక్కో మాటా విడిగా అంది. "నేను మీకు నాలుగుసార్లు చెప్పాను. వెళ్ళండి."

ఎలీయాజరు షాపుకి వెళ్ళి కొత్త డబ్బా కట్టాడు. టంకం వేడికి దూరంగా పెట్టాడు. గాలి ఆడటానికి రేకుకి బెజ్జాలు పెట్టాడు. నాబ్ తీగల్లో ఏది ఊడినా కరెంటు ఆగిపోయేలా మార్చి, ఒక్కో తీగా పీకి చూశాడు, ప్రతిదానికీ మోటారు ఆగింది. రాత్రంతా కూర్చుంటే పని అయ్యేసరికి శనివారం పొద్దున్న తొమ్మిది దాటింది. బస్సు దొరికి, ఆటో దొరికి, పెంటపాడు చేరేసరికి పన్నెండున్నర.

అరుగు ఖాళీగా ఉంది. జ్ఞానప్రసూనాంబగారు బయటికి వచ్చారు.

"పొలానికి వెళ్ళారు బాబూ. ఇవాళ ఆఖరి మడి కోత." ఆమె అతని చేతిలో డబ్బా చూశారు. "నిన్న నువ్వెళ్ళినకాణ్ణుంచి ఆయన సరిగ్గా తినలేదు, పడుకోలేదు. బండిలో ఏమైనా లోపం ఉందా?"

"ఉందండీ. నేను చేసిన తప్పుంది. ఆపినా ఆగదండీ. మా ఆవిడ చెరువులో పడింది."

ఆమె ద్వారబంధం పట్టుకున్నారు. "మరి నాకెవరూ చెప్పలేదే?"

ఎలీయాజరు అప్పటికే కాలవ గట్టు పట్టాడు. గట్టుకి ఒకవైపు కోసేసిన చేలు, రెండోవైపు కాలవ. కాలవ నిండుగా పారుతోంది. నీడ లేదు. ఫర్లాంగు దూరం నడిచాక ఎదురుగా బండి కనిపించింది. అతను చేతులు రెండూ ఊపాడు. బండి నెమ్మదిగా వచ్చి, అతని ముందు ఆగింది. బుల్లిరాజుగారి తలకి తడి తువ్వాలు చుట్టి ఉంది. కుడిచేతి బొటనవేలు స్విచ్చి మీదే ఆనించి పెట్టుకున్నారు.

"చూడు, వేలు తియ్యటంలేదు" అన్నారు, పిల్లాడు సంజాయిషీ చెప్పినట్టు.

"షుగరుకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయన్నారు కదండీ, బండి పుచ్చుకునేటప్పుడు. ఇప్పుడు ఆ స్విచ్చి మీద వేలు ఉన్నట్టు తెలుస్తోందా మీకు?"

ఆయన వేలి వంక చూసుకున్నారు. చూస్తేగాని తెలియనట్టే చూశారు.

"కొత్త డబ్బా తెచ్చానండీ. అరగంట పని. ఇక్కడే మార్చేస్తాను, దిగండి. నేను ఎత్తుకుని దింపుతాను."

"ఈ ఎండలో, గట్టు మీద, నన్ను కింద కూర్చోబెడతావా? కూలీలందరూ చూస్తుంటే?" ఆయన అటూ ఇటూ చూశారు. ఆయన గొంతులో నిన్నటి బిగువు లేదు. "సరేనయ్యా. మారుద్దువుగాని, ఇంటికి పద. అదిగో, కనపడుతోందిగా. ఇంతదూరం వచ్చినవాణ్ణి, ఈ కాస్తా పోలేనా?"

"వద్దండీ, బాబ్బాబు. నేను తోసుకొస్తాను. కరెంటు తీసెయ్యండి."

"తోస్తే నేనూ సామానే అవుతాను" అని ఆయన నాబ్ తిప్పారు.

బండి కదిలింది. ఎలీయాజరు డబ్బా చంకలో పెట్టుకుని పక్కనే నడిచాడు. గట్టు సన్నబడిన చోట పక్కన చోటు చాలక వెనక్కి తగ్గాడు. మనిషి నడకంతే పోతోంది బండి. డబ్బా మీది ఎండ అతని కళ్ళలో కొడుతోంది. పెద్దాయన వీపు, తడి తువ్వాలు, తిరుగుతున్న రెండు చక్రాలు, అంతవరకే కనబడుతున్నాయి. ఆయన చేతులు కనబడటంలేదు.

కొంతదూరం పోయాక వాళ్ళిద్దరి మధ్యా బారెడు దూరం పెరిగింది. అతను అడుగులు పెద్దవి చేశాడు. దూరం రెండు బారలైంది.

"నెమ్మదండీ!" అని అరిచాడు.

ఆయన వెనక్కి తిరగలేదు. ఇంటికి చేరాలన్న తొందరలో ఆయనే జోరు పెంచారో, అదే పెరిగిందో వెనకనుంచి తెలియలేదు. ఎలీయాజరు డబ్బా గట్టు మీద వదిలేసి పరుగు మొదలుపెట్టాడు.